మేనమామ పాట పెట్టారు, మేనల్లుడు తగ్గించారు: బళ్ళారి స్టేజీ మీద అనంతపురం సంగీతం

హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి. ఈరోజు చెవులకి పని ఎక్కువ. వీడియోలో వాయించి చూపించిన చోట్లన్నీ ఈ రాతలో బ్రాకెట్లలో ఉంటాయి. చదువుతూ మీ ఫోన్‌లో ఏదో ఒక హార్మోనియం యాప్ తెరిచి పెట్టుకుంటే ఇంకా మంచిది.

[యాప్‌లో వాయిస్తూ: స, ప్రతిమధ్యమం, ప]

మూడే స్వరాలు. సంగీతం నేర్చుకున్నవాళ్ళు ఇది వినగానే కల్యాణి రాగం అంటారు. న్యూయార్క్‌లో ఎవరినైనా అడిగితే 'వెస్ట్ సైడ్ స్టోరీ' అంటారు. 1957 సెప్టెంబర్ 26న బ్రాడ్‌వేలో మొదలైన మ్యూజికల్ అది. మ్యూజికల్ అంటే కథలో సగం పాటలే చెప్పే నాటకం. సంగీతం లెనార్డ్ బెర్న్‌స్టీన్. అందులో హీరో తన ప్రేయసి పేరు పట్టుకుని పాడే పాట సరిగ్గా ఈ మూడు స్వరాలతోనే మొదలవుతుంది. స నుంచి ప్రతిమధ్యమానికి ఉన్న దూరాన్ని యూరప్‌లో ఒకప్పుడు 'సంగీతంలో సైతాను' అనేవాళ్ళు. ఆ స్వరం మీద చెవి నిలబడలేదు, పక్కనే ఉన్న పంచమంలోకి ఎప్పుడు జారుదామా అని చూస్తుంది. ఆ ఆరాటాన్నే బెర్న్‌స్టీన్ నాటకం మొత్తానికి విత్తనంగా వాడాడు.

అదే నాటకంలో ఇంకో సీన్ ఉంది. గొడవకి సిద్ధమైన కుర్రాళ్ళు కోపాన్ని అణుచుకుంటూ డాన్స్ చేస్తారు. అక్కడ ఆయన వాడింది ఫ్యూగ్ అనే పద్ధతి. ఒకే రాగవరుస ఒక వాద్యం తర్వాత ఇంకో వాద్యంలో ప్రవేశించి, ఒకదాన్నొకటి తరుముకుంటుంది. ఇది 18వ శతాబ్దంలో బాఖ్ పండించిన క్లాసికల్ విద్య. ఆ వరుసలో పన్నెండు స్వరస్థానాలూ ఉంటాయి. దాని కింద నడిచే లయ మాత్రం పక్కా జాజ్. అంటే అస్థిపంజరం ఒక సంప్రదాయానిది, నడక ఇంకో సంప్రదాయానిది.

రెండు వేర్వేరు రూల్స్ ఉన్న సంగీతాలని ఒకే స్టేజీ మీద కలిపి, కథ చెప్పించే పని మన తెలుగులో ఎవరైనా చేశారా? చేశారు. బెర్న్‌స్టీన్ కంటే 70 ఏళ్ళ ముందే చేశారు. చేసినాయన మన ధర్మవరం మనిషి. పట్టుచీరల ధర్మవరమే. ఇంకా తమాషా ఏంటంటే, ఆ పాటల జోరుకి బ్రేక్ వేసినాయన తాడిపత్రి మనిషి, పైగా ఈయనకి స్వయానా మేనల్లుడు. ఇవాళ్టి ఎపిసోడ్ ఆ ఇద్దరి గురించి.

ముగ్గురు వకీళ్ళు, ఒక ఊరు

ముందు మ్యాప్ సరి చేసుకుందాం. ఇప్పుడు బళ్ళారి కర్ణాటకలో ఉంది. అప్పట్లో అది మద్రాసు ప్రెసిడెన్సీలో జిల్లా కేంద్రం. అనంతపురం అనే జిల్లాయే 1882 దాకా లేదు, బళ్ళారి జిల్లాని చీల్చి దాన్ని చేశారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు బళ్ళారి మైసూరు వైపు వెళ్ళిపోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం మన వైపు మిగిలాయి. కాబట్టి 1880లలో ధర్మవరం కుర్రాడు చదువుకుని ఉద్యోగం చూసుకోవాలంటే, 'బళ్ళారికి పోయినాడు' అనడమే మామూలు మాట.

ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో పుట్టారు. బళ్ళారిలో వకీలు. సరస వినోదినీ సభ అని నాటక సమాజం పెట్టారు. 1887లో 'చిత్రనళీయం' ఆడారు, అంటే నలమహారాజు కథ. ఆ తర్వాత ముప్పై దాకా నాటకాలు రాశారు. ఆంధ్ర నాటక పితామహుడు అన్న బిరుదు ఆయనది. అదే ఊళ్ళో ఇంకో వకీలు కోలాచలం శ్రీనివాసరావు. ఆయనది సుమనోరమ సభ, చారిత్రక నాటకాలు ఆయన ప్రత్యేకత. మూడో ఆయన తాడిపత్రి రాఘవాచార్యులు, అందరికీ తెలిసిన పేరు బళ్ళారి రాఘవ. 1880లో తాడిపత్రిలో పుట్టారు. ఆయన కూడా వకీలే.

ముగ్గురూ వకీళ్ళు కావడం యాదృచ్ఛికం అనుకోను. కోస్తాలో కళకి జమీందారు ఉండేవాడు, కాలువ నీళ్ళు ఉండేవి. మా పీఠభూమిలో ఏడాది వాన సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరుగుతుంది, అది కూడా నమ్మకం లేదు. భూమి మీద మిగులు లేని చోట నికరమైన ఆదాయం దొరికేది కోర్టులో, కచేరీలో. సాయంత్రం ఖాళీ ఉన్నదీ వాళ్ళకే. ఇంగ్లీషు నాటకం చదివినదీ వాళ్ళే. అందుకే ఇక్కడ ఆధునిక నాటకం కోర్టు గుమాస్తాల మధ్య, వకీళ్ళ మధ్య పుట్టింది.

ఇంకో సంగతి. 1876 నుంచి 78 వరకు దక్షిణాదిని తుడిచిపెట్టిన కరువు మన జిల్లాల్ని గట్టిగా కొట్టింది. అప్పటికి రామకృష్ణమాచార్యులుకి పాతికేళ్ళ లోపు. అది జరిగిన పదేళ్ళకి ఆయన ఎంచుకున్న కథ ఏది? ఉన్నదంతా పోగొట్టుకుని, కట్టుబట్టలతో అడవి పట్టిన రాజు కథ. ఆ రెండింటికీ సంబంధం ఉందని ఆయన ఎక్కడో చెప్పారని నేను అనడం లేదు, ఇది నా ఊహ. కానీ ఆ ప్రేక్షకుల్లో కూర్చున్నవాళ్ళకి ఇల్లు వదిలి నడవడం అంటే ఏంటో ఎవరూ వివరించాల్సిన పని లేదు.

అప్పుడు స్టేజీ మీద ఏం వినపడేది?

మన పల్లెల్లో యక్షగానం, వీధిభాగోతం, తోలుబొమ్మలాట తరాలుగా ఉన్నాయి. వాటిలో సంగీతం నిండా ఉంది. కానీ తెర, వింగులు, సీన్లు, అంకాలు ఉన్న కొత్త రకం నాటకం 1880 ప్రాంతంలో తెలుగులో అప్పుడే మొదలవుతోంది. 1880లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం తన నాటకం ఆడించారు. ఆయనకి ముఖ్యం సంస్కరణ, మాట. అదే సంవత్సరం పుణెలో అణ్ణాసాహెబ్ కిర్లోస్కర్ 'సంగీత శాకుంతలం' ఆడి, మరాఠీలో పాటల నాటకానికి దారి వేశాడు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచకవధ'తో సురభి నాటకాలు మొదలుపెట్టారు. ధార్వాడ కంపెనీలు, బొంబాయి నుంచి పార్సీ కంపెనీలు మన ఊళ్ళ మీద తిరుగుతున్నాయి. మద్రాసు నుంచి తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగా రాయచూరు వెళ్ళే రైలు లైను 1871లోనే బొంబాయి లైనుతో కలిసింది. తెరలు, పెట్టెలు, హార్మోనియాలు అన్నీ ఆ రైలెక్కే వచ్చాయి.

ఆ పరిస్థితిలో రామకృష్ణమాచార్యులు చేసిన పని ఏంటంటే, తెలుగు నాటకంలో పద్యాన్నీ పాటనీ రాగంతో పాడించడం. నాటకంలో పద్యాలు కొత్త కాదు. సంస్కృత నాటకాల్లో శ్లోకాలు ఉన్నాయి, వాటి తెలుగు అనువాదాల్లో పద్యాలు ఉన్నాయి. వాటిని చదవడం నుంచి పాడడం వైపు తిప్పిన ఘనత ఈయనది అని నాటక చరిత్ర రాసినవాళ్ళు చెప్తారు. కథానాయకుడి దుఃఖం ఇప్పుడు మాటగా కాకుండా స్వరంగా వస్తోంది. దానికి ఆయన పట్టుకున్నవి మూడు సరుకులు. ఒక్కొక్కటి విప్పి చూద్దాం.

మొదటి సరుకు: ఛందస్సు

పద్యానికి తాళం లేదు. పద్యం పాడేటప్పుడు తబలా చేతులు కట్టుకుని కూర్చుంటుంది. మరి లయ ఎక్కడి నుంచి వస్తుంది? అక్షరాల్లోంచి. ఉత్పలమాల అంటే పాదానికి 20 అక్షరాలు, పదో అక్షరం దగ్గర యతి. చంపకమాల 21, యతి పదకొండు. శార్దూలం 19, యతి పదమూడు. మత్తేభం 20, యతి పధ్నాలుగు. ఏ అక్షరం గురువో ఏది లఘువో ముందే ఫిక్స్ అయి ఉంటుంది.

సాఫ్ట్‌వేర్ వాళ్ళ కోసం చెప్పాలంటే, ఛందస్సు కంపైల్ టైమ్‌లోనే చెక్ అయిపోతుంది. తప్పు పద్యం స్టేజీ దాకా రాదు. అందుకని పాడేవాడికి రన్ టైమ్‌లో బోలెడు స్వేచ్ఛ. లయ లోపలే ఉంది కాబట్టి పైన రాగాన్ని సాగదీయొచ్చు, ఆపొచ్చు, మాటలా విరవొచ్చు. జాజ్ గాయకుడు కూడా ఇలాంటి పనే చేస్తాడు. పాట చట్రం కదలదు, దాని మీద పదాన్ని కాస్త ముందుకి, కాస్త వెనక్కి జరుపుతాడు. రెండింటికీ చుట్టరికం ఉందని కాదు. గట్టి చట్రం ఉంటేనే స్వేచ్ఛ పనికొస్తుందన్న సంగతి రెండు చోట్లా కనిపెట్టారు, అంతే.

రెండో సరుకు: రాగాలు, రెండు దిక్కుల నుంచి

పద్యానికి కర్ణాటక రాగం చేతిలో ఉంది. మోహన, కల్యాణి, కాంభోజి, బిలహరి, మధ్యమావతి. వీటికి అప్పటికే ప్రేక్షకుల చెవిలో ఒక భావం ఉంది. రాగం ఎత్తుకోగానే వీరమో శోకమో సగం అర్థమైపోతుంది.

పాట వచ్చేసి పార్సీ కంపెనీల నుంచి. వాళ్ళ నాటకాల్లో గజల్, ఠుమ్రీ, దాద్రా నిండి ఉండేవి. హిందుస్తానీ రాగాలు, తబలా ఠేకా. మనవాళ్ళు ఆ వరుస తీసుకుని దానికి తెలుగు మాటలు కట్టారు. నాటక భాషలో దీన్నే 'పార్సీ మెట్టు' అనేవాళ్ళు. ముందు ట్యూన్, తర్వాత సాహిత్యం. ఇవాళ సినిమా పాట పుట్టే పద్ధతి ఇదే కదా? 130 ఏళ్ళ నుంచీ ఇదే నడుస్తోంది.

ఇందులో అసలు తెలివి ఎక్కడుందో చూడండి.

[యాప్‌లో వాయిస్తూ: స రి గ ప ద స]

కర్ణాటకంలో ఇది మోహన. హిందుస్తానీలో భూప్. కల్యాణికి అక్కడ యమన్. హిందోళానికి మాల్కౌంస్. మాయామాళవగౌళకి భైరవ్. మెట్లు అవే, ఎక్కే నడక వేరు. కర్ణాటకంలో స్వరాన్ని గమకంతో ఊపుతారు. హిందుస్తానీలో స్వరం మీద ఎక్కువసేపు నిలబడి, మెల్లగా జారతారు. నాటకం గాయకుడు ఈ రెండింటి మధ్య తలుపు కనిపెట్టాడు. పద్యం మొదట్లో మన పద్ధతిలో మాటని ఒత్తి పలికి, చివర్లో ఆలాపన దగ్గరికి వచ్చేసరికి హిందుస్తానీ తానంలోకి దూకుతాడు. బేహాగ్, హిందుస్తానీ కాపీ, భీంపలాస్, సింధుభైరవి లాంటి రాగాలు తెలుగు నాటకంలో అంతగా స్థిరపడిపోయాయంటే కారణం ఈ తలుపే.

మూడో సరుకు: యూరప్ పెట్టె

హార్మోనియం. పారిస్‌లో అలెగ్జాండర్ డెబెయిన్ 1840లలో పేటెంట్ తీసుకున్న వాద్యం. ఇక్కడికి మిషనరీలతో, దొరలతో వచ్చింది. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని కింద కూర్చుని ఒక చేత్తో ఊదుతూ వాయించేలా మార్చాడు. నాటకాల వాళ్ళు కాలితో తొక్కే లెగ్ హార్మోనియం కూడా వాడారు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయని.

ఇప్పుడు కొంచెం లెక్క. బీటెక్ చదివినవాణ్ణి, లెక్క లేకుండా వదలను.

స ని 240 హెర్ట్జ్ అనుకోండి. తంబురా పక్కన కూర్చుని చెవితో సరి చూసుకుని పాడే అంతర గాంధారం, స కి 5/4 వంతు. అంటే 300 హెర్ట్జ్. హార్మోనియంలో అలా కుదరదు. ఒక స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేస్తారు. ప్రతి మెట్టుకీ సుమారు 1.0595తో గుణించడమే. నాలుగు మెట్లు ఎక్కితే 302.4 హెర్ట్జ్ వస్తుంది. గాయకుడు 300 దగ్గర నిలబడి, పెట్టె 302.4 దగ్గర మోగితే, సెకనుకి రెండుసార్లకి పైగా శబ్దం ఊగుతుంది. పంచమం దగ్గర ఈ తేడా అర హెర్ట్జ్ కూడా ఉండదు, 360కి 359.6. కాబట్టి పంచమం హాయిగా ఉంటుంది, గాంధారం గుచ్చుకుంటుంది.

[యాప్‌లో రెండు గాంధారాలు ఒకేసారి వినిపించాను. ఆ ఊపు గమనించండి.]

రెండో సమస్య ఇంకా పెద్దది. ఈ పెట్టెకి మెట్ల మధ్య సందు లేదు. ఒక కీ నుంచి ఇంకో కీకి గెంతాల్సిందే, జారడం కుదరదు. అంటే గమకం రాదు. తోడి లాంటి రాగాన్ని దాని అసలు రూపంలో ఈ పెట్టె పట్టుకోలేదు. ఈ గొడవ ఎంత దూరం వెళ్ళిందంటే, 1940 మార్చిలో ఆలిండియా రేడియో హార్మోనియాన్ని నిషేధించింది. ఆ నిషేధం సడలడానికి మూడు దశాబ్దాలు పట్టింది.

మరి నాటకాల వాళ్ళు ఏం చేశారు? పని పంచుకున్నారు. గమకం గొంతుది, స్థాయి పెట్టెది. గాయకుడు పాదం పాడుతున్నంతసేపూ హార్మోనియం శ్రుతి పట్టుకుని వెనకాలే ఉంటుంది. పాదం ముగియగానే ఆ చివరి ముక్కని తను అందుకుని, వేగంగా ఒకసారి తిప్పి, తర్వాతి పాదానికి దారి వేస్తుంది. ఆ లోపు నటుడు ఊపిరి పీల్చుకుంటాడు, రెండడుగులు వేస్తాడు, ఎదుటి పాత్ర మొహం చూస్తాడు. పెట్టె లోపం నటనకి చోటు ఇచ్చింది. అంతేకాదు, మైకులు లేని కాలం. వెయ్యి మందికి వినపడాలంటే గొంతు పై శ్రుతిలో ఉండాలి. ఆ ఎత్తులో నటుణ్ణి నిలబెట్టేది ఈ పెట్టె గోలే. వీణ ఆ పని చేయలేదు.

ఇలా చూస్తే ఈ సంగీతం ఏదో స్వచ్ఛమైన సంప్రదాయం పాడైపోతే మిగిలింది కాదని తెలుస్తుంది. మొదటి రోజు నుంచీ అది మిశ్రమమే. ఎవరి బలం ఎక్కడ, ఎవరు ఎక్కడ తగ్గాలి అని తేల్చుకుని చేసిన మిశ్రమం.

మేనల్లుడి అభ్యంతరం

అయితే ఈ యంత్రం బాగా పనిచేసింది. మరీ బాగా పనిచేసింది.

ప్రేక్షకులు కథ కోసం కాకుండా గొంతు కోసం రావడం మొదలుపెట్టారు. పద్యం చివర ఆలాపన నిమిషాలకి నిమిషాలు సాగింది. కింద నుంచి 'వన్స్ మోర్' అని కేక. చచ్చిపోయిన పాత్ర లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోయేదని ఇప్పటికీ పెద్దవాళ్ళు నవ్వుతూ చెప్తారు.

రాఘవ నటన నేర్చుకున్నది మేనమామ నీడలోనే. కానీ ఆయన పట్టుకున్నది మాటని, మౌనాన్ని, కంటిని. పద్యాన్ని రాగం కోసం సాగదీయడం ఆయనకి నచ్చలేదు. అర్థం తెలిసేలా, భావం విరిగిపోకుండా పలకాలన్నది ఆయన పట్టు. కోలాచలం వారి విజయనగర పతనం నాటకంలో పఠాను వేషం ఆయనకి దేశమంతా పేరు తెచ్చింది. 1928లో యూరప్ వెళ్ళి అక్కడి రంగస్థలం చూసి వచ్చారు. పి.వి. రాజమన్నారు రాసిన 'తప్పెవరిది' లాంటి వచన నాటకం ఆడారు. రాజమన్నారు తర్వాత మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. చూశారా, మళ్ళీ కోర్టే. ఆడవేషాలు ఆడవాళ్ళే వేయాలని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి లాంటివాళ్ళతో కలిసి నటించారు.

ఆయన బాధ ఏంటో ఒక చిన్న ప్రయోగంతో చూద్దాం. ఇది పద్యం కాదు, నేను అనుకున్న మామూలు వాక్యం: "వాన రాలేదు, ఊరు ఖాళీ అయింది."

[మూడు రకాలుగా పలికి చూపించాను]

మొదటిసారి రాగం 'వాన' మీద పెట్టండి. ఆకాశం వైపు చూస్తున్న మనిషి కనిపిస్తాడు. రెండోసారి 'ఖాళీ' మీద పెట్టండి. తాళం వేసిన ఇళ్ళ వరుస కనిపిస్తుంది. బెంగళూరు బస్సెక్కిన వాళ్ళు కనిపిస్తారు. మూడోసారి నాటకాల్లో అలవాటైనట్టు చివరి అక్షరం పట్టుకుని, 'అయింది'లోని 'ది' మీద అర నిమిషం రాగం తీయండి. ఏం కనిపించింది? పాడుతున్న నేను కనిపించాను. వానా లేదు, ఊరూ లేదు.

సమస్య రాగంలో లేదు, రాగం కూర్చున్న చోటులో ఉంది. పాదం చివరి అక్షరం మీద నిలబడడం గాయకుడికి సుఖం. ఎందుకంటే అక్కడ తర్వాతి మాట తరమదు, హార్మోనియం అందుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. ఆ సుఖం కథకి నష్టం. రాఘవ కోసింది ఆ చోటునే.

అలాగని మేనమామని తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. 'విషాద సారంగధర' ఆయన రాసిందే, తెలుగులో మొదటి విషాదాంత నాటకంగా చెప్తారు. మంగళంతో ముగియాల్సిన నాటకాన్ని కన్నీళ్ళతో ముగించడం అప్పటికి పెద్ద సాహసం. ఏ తప్పూ చేయని కొడుక్కి తండ్రే శిక్ష వేస్తాడు, ఆ తర్వాత నిజం తెలుస్తుంది. ఆ తండ్రి బాధని అప్పటి గ్రాంథిక వచనంలో చెప్తే ఎంతమందికి తగులుతుంది? ఊళ్ళో చదువు రానివాడికి కూడా రాగం చేరుతుంది. ఆయన పాటని పెట్టింది అర్థం అందరికీ అందాలని. ఈయన తగ్గించింది అర్థం మునిగిపోకూడదని. మధ్యలో ఒక తరం మారింది.

ఈ మిశ్రమం ఎక్కడెక్కడికి పోయింది

ఒకటి, మద్రాసుకి. 1891లో సరస వినోదినీ సభ మద్రాసులో నాటకాలు ఆడింది. అవి చూసిన పమ్మల్ సంబంధ ముదలియార్ అనే కుర్రాడు అదే ఏడాది సుగుణ విలాస సభ పెట్టాడు. ఆధునిక తమిళ నాటకానికి ఆయన్ని పితామహుడు అంటారు. ఆ నిప్పు బళ్ళారి నుంచి వెళ్ళింది.

రెండు, సినిమాకి. 1932 ఫిబ్రవరి 6న విడుదలైన మొదటి పూర్తి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'. హెచ్.ఎం. రెడ్డి దర్శకుడు, సురభి కమలాబాయి లీలావతి. దానికి ఆధారం ధర్మవరం రామకృష్ణమాచార్యులు రాసిన నాటకం. ఆయన 1912లోనే పోయారు, చూడలేదు. ఇంకోసారి చెప్తున్నా: తెలుగు తెర మీద మొదటిసారి గొంతు విప్పిన కథ ధర్మవరం వకీలుది. తెలుగు సినిమాలో పాట లేకపోతే ఏదో లోటు అనిపించే అలవాటుకి ఈ నాటకాల స్టేజీయే పునాది.

మూడోది మీరు ఫోన్‌లోనే పరీక్షించుకోవచ్చు. 1957లో 'మాయాబజార్' వచ్చింది, 'వెస్ట్ సైడ్ స్టోరీ' వచ్చిన ఏడాదే. దర్శకుడు కె.వి. రెడ్డి. ఊరు? తాడిపత్రి. అందులో ఘటోత్కచుడి భోజనం పాట గుర్తు చేసుకోండి. ఆ నవ్వుల పాటకి మూలం సురభి వాళ్ళ 'శశిరేఖా పరిణయం' నాటకం అంటారు. ఇప్పుడు 1922లో ఇంగ్లండ్‌లో చార్లెస్ పెన్రోజ్ రికార్డు చేసిన 'ది లాఫింగ్ పోలీస్‌మ్యాన్' వినండి. పోలిక దాచినా దాగదు. ఆ ఇంగ్లీషు పాట వెనక 1890లలో జార్జ్ డబ్ల్యూ. జాన్సన్ అనే అమెరికా నల్లజాతి గాయకుడు రికార్డు చేసిన నవ్వుల పాట ఉంది. బానిసగా పుట్టిన మనిషి నవ్వు లండన్ మీదుగా తిరిగి, హిడింబ కొడుకు నోట్లోకి వచ్చి కూర్చుంది. స్టేజీ సంగీతానికి పాస్‌పోర్టు అక్కర్లేదు.

ఇప్పుడు ఏం మిగిలింది

పద్యనాటకం చచ్చిపోయింది అనేవాళ్ళు మా జిల్లా పల్లెల్లో ఎండాకాలం రాత్రి ఒకసారి తిరగాలి. శెనక్కాయ పంట అయిపోయి, చేలల్లో పని లేని రోజుల్లో కురుక్షేత్రమో, సత్యహరిశ్చంద్రో, రామాంజనేయ యుద్ధమో ఆడుతూనే ఉంటారు. వాన రాని ఏడు విరాటపర్వం చదివించే ఆచారం కూడా తెలుగు పల్లెల్లో పాతదే. వేషాలు వేసేది రైతులు, ఆటో నడిపేవాళ్ళు, టీచర్లు. వాళ్ళకి నేర్పేది నాటకం మాస్టరు, అంటే హార్మోనియం ఆయనే. ఏ పద్యానికి ఏ రాగం, ఎక్కడ ఆగాలి, ఎక్కడ పెట్టె అందుకోవాలి, అంతా ఆయన దగ్గరే ఉంటుంది.

బెర్న్‌స్టీన్ స్కోరు అచ్చులో ఉంది. ప్రతి వాద్యం ఏ క్షణంలో ఏం వాయించాలో కాగితం మీద ఉంది. రేపు ఏ దేశంలోనైనా తెరిచి వాయించుకోవచ్చు. మన నాటకం పుస్తకాల్లో పద్యం ఉంటుంది, పాట మీద రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. స్వరం ఉండదు. 1887లో రికార్డు చేయడానికి ఇక్కడ యంత్రం లేదు, మన దేశంలో గ్రామఫోన్ రికార్డింగులు మొదలైందే 1902లో. తర్వాత పెద్ద గాయకుల పద్యాలు ప్లేట్లకి ఎక్కాయి, అవి యూట్యూబ్‌లో దొరుకుతాయి. పల్లెల్లో మాస్టర్ల బాణీలు మాత్రం వాళ్ళ వేళ్ళలోనే ఉన్నాయి. ఒక మాస్టరు పోతే ఒక స్కోరు పోయినట్టే. బ్యాకప్ లేని సర్వర్ అది.

కాబట్టి ఈసారి మీ ఊళ్ళో నాటకం ఉంటే, సెల్ఫీ కోసం కృష్ణుడి దగ్గరికి వెళ్ళే ముందు హార్మోనియం దగ్గరికి వెళ్ళండి. మాస్టరు గారిని అడిగి, ఆయన ఒప్పుకుంటే, ఒక్క పద్యం రికార్డు చేయండి. ఫైల్ పేరులో నాలుగు వివరాలు పెట్టండి: నాటకం, పద్యం, రాగం, తేదీ. ఆ రాగం ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా అడగండి. ఆయన చెప్పే పేరు, దాని వెనక ఇంకో పేరు, అలా వెనక్కి వెళ్తూ ఉంటే కొన్ని దారులు బళ్ళారికి చేరినా ఆశ్చర్యం లేదు.

రికార్డింగ్ వినేటప్పుడు ఒక పని చేయండి. రాగం ఏ మాట మీద కూర్చుందో చూడండి. అర్థం ఉన్న మాట మీద కూర్చుంటే మేనమామా మేనల్లుడూ ఇద్దరూ సంతోషిస్తారు. చివరి అక్షరం మీద కూర్చుంటే, 'వన్స్ మోర్' అనే ముందు ఒక్క క్షణం రాఘవని తలుచుకోండి.

వచ్చే ఎపిసోడ్‌లో సురభి వాళ్ళ తెరల టెక్నాలజీ గురించి మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఉంటాను. నమస్తే.